నాలుగో పేపరులో నాకు కనబడని తాడు

నాలుగో నంబరు పేపరుకి నేను ఆరుకి రెండు వేశాను. నా ఎడమ పక్క కూర్చున్న ఆవిడ ఐదు వేసింది. మిగతా నలుగురిలో ముగ్గురు నాలుగేశారు, ఒకాయన మూడు. బోర్డు మీద మార్కులన్నీ రాశాక చూస్తే నా రెండు అందరికన్నా అడుగున ఉంది.

అది 2013 ఆగస్టు. ఒహాయోలో ఒక యూనివర్సిటీ. క్లాసులు మొదలవడానికి ఇంకా వారం ఉంది. ఫస్టియర్ పిల్లలకు ఇంగ్లీష్ రైటింగ్ చెప్పబోయే వాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి, పేర్లు తీసేసిన పాత వ్యాసాలు చేతికిచ్చి మార్కులు వేయిస్తారు. దాన్ని నార్మింగ్ అంటారు. ఒకే వ్యాసానికి ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ వేయకుండా అందరి చేతులూ ఒక కొలతకి రావాలని చేసే పని. మేం ఆరుగురం. అందులో ఇంగ్లీషుని బడిలో నేర్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే. మిగతా ఐదుగురికీ అది ఇంట్లో అమ్మ మాట్లాడిన భాష.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళ సర్వీసు ఉంది. తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ ఇంగ్లీష్ చెప్పాను. ఏటా గుంటూరులో ఇంటర్ పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళాను. కాబట్టి నా రెండు తప్పేమోనన్న అనుమానం నాకు రాలేదు. వీళ్ళకి వ్యాకరణం మీద పట్టింపు లేదనుకున్నాను. కొంచెం కోపం కూడా వచ్చింది. ఆ పేపర్లో ఆర్టికల్స్ ఉండాల్సిన చోట లేవు. ‘మై గ్రాండ్‌ఫాదర్ హి క్లైమ్’ అని ఉంది. ‘హి డోంట్ అఫ్రెయిడ్’ అని ఉంది. రెండు పేజీల వ్యాసంలో నేను ముప్పై ఒక్క చోట సున్నా చుట్టాను. ముప్పై ఒక్క తప్పులున్న పేపరుకి ఐదు ఎలా వేస్తారు?

స్పాట్‌లో కూర్చోనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మాకు పూటకి పదిహేను పేపర్లు, రోజుకి ముప్పై. పొద్దున్నే బండిల్ ఇస్తారు. పేపరు మీద పిల్లల పేరుండదు, హాల్ టికెట్ నంబరుండదు, కోడ్ మాత్రమే ఉంటుంది. స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ ముందు పెట్టుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతూ పోవాలి. మేం దిద్దినవాటిలో కొన్ని తీసి చీఫ్ ఎగ్జామినర్ మళ్ళీ చూస్తారు. బయట వేసవి ఎండ, లోపల ఫ్యాను గాలికి పేపర్లు ఎగిరిపోకుండా వాటి మీద డస్టరో, నీళ్ళ సీసానో బరువు పెట్టుకుంటాం. ఒక్కో పేపరుకి దొరికేది పది పన్నెండు నిమిషాలు. ఆ వేగంలో కంటికి ముందు తగిలేది తప్పే. పైగా తప్పుకి లెక్కుంటుంది. “ఇక్కడ మార్కు ఎందుకు తగ్గించావమ్మా?” అని చీఫ్ అడిగితే వేలు పెట్టి చూపించొచ్చు. “ఈ పిల్ల బాగా ఆలోచించింది సార్, అందుకే ఒకటి ఎక్కువేశాను” అంటే దేని మీద వేలు పెట్టాలి? అలా తొమ్మిదేళ్ళు దిద్దితే చేతికి ఒక అలవాటు పడిపోతుంది. పేపరు తెరవగానే పెన్ను మూత తీసేస్తాం. చదవడం, దిద్దడం రెండూ ఒకే పని అయిపోతాయి.

దానికన్నా ముందుది ఇంకొకటి ఉంది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఇంటర్‌లో ఇంగ్లీష్ మీడియంలో చేరిన మొదటి వారంలోనే లెక్చరర్ గారు నిలబెట్టి నిన్న ఏం చెప్పామో చెప్పమన్నారు. ‘వి డిస్కస్డ్ అబౌట్ ద పోయమ్’ అన్నాను. ఆయన నా వాక్యాన్ని నాలాగే పలికి క్లాసుకి వినిపించారు. అందరూ నవ్వారు. ఆ వాక్యాన్ని వంద సార్లు ‘అబౌట్’ లేకుండా రాసుకు రమ్మన్నారు. రాసుకెళ్ళాను. నేను తెలుగులో ‘పద్యం గురించి చర్చించాం’ అనుకుని ఆ ‘గురించి’ని ఇంగ్లీషులోకి తెచ్చానని, ‘డిస్కస్’ అన్న మాటలోనే ఆ ‘గురించి’ ఇమిడిపోయి ఉందని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే వంద సార్లు రాయాల్సిన పని ఉండేది కాదు. ఎవరూ చెప్పలేదు. తప్పు అన్నారంతే. ఇప్పటికీ ఎవరి వ్యాసంలోనైనా ‘డిస్కస్’ కనబడితే దాని పక్క మాట చూసేదాకా నా మనసు కుదురుగా ఉండదు.

ఇలాంటి చేత్తోనే నేను ఆ గదిలో నాలుగో పేపరు పట్టుకున్నాను.

ఐదు వేసిన ఆవిడది కెంటకీ. ఎందుకు వేశావని ట్రైనింగ్ ఇస్తున్నాయన అడిగితే ఆవిడ పేపరెత్తి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. తప్పులు సవరించకుండా, ఆ అబ్బాయి ఎలా రాశాడో అలాగే చదివింది. సౌదీలో అల్ అహ్సా అనే ఒయాసిస్సు ప్రాంతం నుంచి వచ్చిన అబ్బాయి. ‘మీ ఊళ్ళో మారిపోయిన ఒక విషయం’ అన్నది టాపిక్. వాళ్ళ తాతకి ఖర్జూరపు తోట ఉంది. ఖర్జూరంలో మగ చెట్లు వేరు, ఆడ చెట్లు వేరు. గాలికి వదిలేస్తే కాపు సరిగ్గా రాదు కాబట్టి మగ చెట్టు పూల రెమ్మలు కోసుకొచ్చి ఒక్కో ఆడ చెట్టూ ఎక్కి దాని పూలగుత్తిలో పెట్టాలి. తాత నడుముకి, చెట్టుకి కలిపి ఒక తాడు కట్టుకుని, వెనక్కి వాలి, తాడుని పైకి విసురుతూ ఎక్కేవాడు. ఆ తాడు తాత వాళ్ళ నాన్నది. ఇప్పుడు కూలీలు అల్యూమినియం నిచ్చెన వేసుకుని ఎక్కుతున్నారు. తాడు ఇంట్లో గోడకి వేలాడుతోంది. తాత రోజూ దాన్ని తీసి, నూనె రాసి, మళ్ళీ గోడకి తగిలిస్తాడు. వ్యాసం అక్కడితో ఆగిపోయింది.

నేను గుంటూరు జిల్లాలో పుట్టినదాన్ని. మోకు కట్టుకుని తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుల్ని చిన్నప్పటి నుంచీ చూశాను. నడుం వెనక్కి వాల్చి, మోకుని ఒక్క విసురుతో పైకి జరిపి, కాళ్ళతో చెట్టుని పట్టుకోవడం నా కళ్ళతో చూశాను. ఆ గదిలో ఆరుగురిలో ఆ తాడు ఏమిటో, ఆ వాలడం ఏమిటో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నాకది కనబడలేదు. ‘రోప్’ అన్న మాట ముందు ‘ద’ లేదని సున్నా చుట్టి ముందుకెళ్ళిపోయాను. తాటిచెట్టే ఎరగని కెంటకీ ఆవిడ మాత్రం ఆ మాట పక్కన పెన్సిల్‌తో ‘ఈ తాడు దేనితో పేనారు? ఇంకొంచెం చూపించు’ అని రాసింది. ఆవిడ పేపరు మొత్తంలో రాసింది అదొకటి, ఇంకొక ప్రశ్న, అంతే.

ఆ రోజు ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు. తక్కువ మార్కు వేసినందుకు అంత బాధ లేదు. నాకు తెలిసిన తాడుని నేనే చూడలేకపోయానన్నది మింగుడు పడలేదు.

తర్వాతి నెలల్లో చదువులో భాగంగా ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు వెతికి చదివాను. నాలాంటి వాళ్ళ గురించి ఎప్పుడో రాసిపెట్టారు. 1982లో హ్యూజ్, లాస్కరాటు అనే ఇద్దరు గ్రీకు పిల్లలు ఇంగ్లీషులో చేసిన తప్పులు ఏరి మూడు గుంపుల వాళ్ళకి ఇచ్చారు: పదిమంది గ్రీకు ఇంగ్లీష్ టీచర్లు, పదిమంది ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న టీచర్లు, టీచర్లు కాని మామూలు ఇంగ్లీష్ వాళ్ళు పదిమంది. ఏ తప్పు ఎంత పెద్దదో చెప్పమన్నారు. అందరికన్నా కఠినంగా చూసింది గ్రీకు టీచర్లు. రూలు తప్పాడా లేదా అన్నది వాళ్ళ కొలత. మామూలు ఇంగ్లీష్ వాళ్ళకి కావాల్సింది అర్థమైందా లేదా అన్నది ఒక్కటే. ఇంగ్లీష్ టీచర్లు ఈ రెంటికీ మధ్యలో ఉన్నారు.

1988లో శాంటోస్ చేసిన పని ఇంకా పెద్దది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో 178 మంది ప్రొఫెసర్లకి రెండు వ్యాసాలు ఇచ్చారు, ఒకటి చైనా విద్యార్థిది, ఒకటి కొరియా విద్యార్థిది. ప్రొఫెసర్లు చాలామంది భాష కన్నా విషయానికే తక్కువ మార్కులు వేశారు. వ్యాకరణం తప్పులు ఉన్నా అర్థమవుతోంది, పెద్దగా చిరాకు కూడా రావడం లేదు అన్నారు. అన్నిటికన్నా పెద్ద తప్పుగా పట్టుకున్నది ఒక మాట ఉండాల్సిన చోట ఇంకో మాట పెట్టడాన్ని. ఆ ప్రొఫెసర్లలో ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళు మిగతావాళ్ళ కన్నా కఠినంగా ఉన్నారు. తాము ఆ భాష కోసం అంత కష్టపడ్డారు కాబట్టి అలా చూసి ఉంటారని శాంటోస్ అభిప్రాయం. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. వంద సార్లు రాసిన ఆ ‘డిస్కస్డ్’ వాక్యం గుర్తొచ్చింది. నేను పడ్డ కష్టం ఎదుటివాడూ పడాలని నా చెయ్యి అడుగుతోందా?

అయితే నా అనుభవమే అందరిదీ అనుకోకూడదు. 1992లో కొబయాషి చేసిన అధ్యయనంలో జపాన్ వాళ్ళ కన్నా ఇంగ్లీష్ వాళ్ళే వ్యాకరణం దగ్గర గట్టిగా ఉన్నారు. 2001లో లింగ్ షీ చైనాలో పాఠాలు చెబుతున్న 46 మంది టీచర్లకి, సగం చైనా వాళ్ళు, సగం ఇంగ్లీష్ మాతృభాష వాళ్ళు, పది వ్యాసాలిచ్చి పదికి మార్కులు వేయమన్నారు. ఎందుకు వేశారో మూడు కారణాలు కూడా రాయమన్నారు. మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కారణాలే వేరు. ఇంగ్లీష్ వాళ్ళు విషయం గురించి, భాష గురించి మంచి మాటలు ఎక్కువ రాశారు. చైనా టీచర్లు వ్యాసం అమరిక సరిగా లేదని, పొడవు సరిపోలేదని లోపాలు ఎక్కువ రాశారు. ఈ అధ్యయనం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఇద్దరు టీచర్లూ ఆరే వేయొచ్చు. పిల్లాడికి ఒకరి దగ్గర్నుంచి వెళ్ళేది ‘నీ ఉదాహరణ బాగుంది’ అన్న మాట, ఇంకొకరి దగ్గర్నుంచి ‘నీ పేరా చిన్నది’ అన్న మాట. తర్వాత వాడు రాసే వ్యాసం ఈ మాటని బట్టి మారుతుంది.

కెంటకీ ఆవిడ గురించి నేను మొదట అనుకున్నది కూడా తప్పే. ఇంగ్లీష్ సొంత భాష కాబట్టి ధీమాగా ఉంది, అందుకే ఉదారంగా వేస్తోంది అనుకున్నాను. స్నేహం కుదిరాక తెలిసింది. వాళ్ళది కొండ ప్రాంతం, నాన్న బర్లీ పొగాకు పండించేవాడు. మా జిల్లాలోనూ పొగాకే, బ్యారన్ల వాసన నాకు తెలుసు అంటే ఆవిడ నమ్మలేకపోయింది. వాళ్ళ ఇంట్లో ‘ఐ మైట్ కుడ్ గో’ అంటారు. మా వైపు ‘వెళ్ళగలనేమో’ అన్నట్టు. కాలేజీలో చేరిన కొత్తలో ఆవిడ అలాగే రాస్తే ఒక ప్రొఫెసర్ పేపరు మీద అడ్డంగా గీత గీసి, ఇది ఇంగ్లీష్ కాదని రాశాడట. పుట్టినప్పటి నుంచి మాట్లాడిన భాషని నీ భాష కాదన్నారు అంది ఆవిడ. చెబుతుంటే ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆవిడ గొంతు మారింది.

అందుకే ఆవిడ గదిలో గోడకి ఒక పాత తీర్మానం కాపీ ఉంటుంది. 1974లో అమెరికా కాలేజీల్లో రైటింగ్ చెప్పే టీచర్ల సంఘం, కాన్ఫరెన్స్ ఆన్ కాలేజ్ కంపోజిషన్ అండ్ కమ్యూనికేషన్, విద్యార్థులకి తమ సొంత భాషా రీతుల మీద, తమని పెంచిన మాండలికం మీద హక్కుందని తీర్మానించింది. నల్లవాళ్ళ ఇంగ్లీష్ గురించి, ఇలాంటి కొండ ప్రాంతాల ఇంగ్లీష్ గురించి అప్పట్లో నడిచిన పెద్ద చర్చలోంచి వచ్చిందది. ఏభై ఏళ్ళు దాటినా ఇంకా క్లాసురూముల్లోకి పూర్తిగా రాలేదు.

మాతృభాష ఇంగ్లీషే అయినవాళ్ళందరూ ఒకేలా దిద్దుతారని కూడా ఎవరూ అనుకోనక్కర్లేదు. 1961లో డీడెరిక్, అతని తోటివాళ్ళు కాలేజీ ఫస్టియర్ పిల్లల వ్యాసాలు 300 తీసుకుని, 53 మందికి ఇచ్చారు. అందులో ఇంగ్లీష్ టీచర్లున్నారు, సైన్సు వాళ్ళున్నారు, లాయర్లు, ఎడిటర్లు, వ్యాపారస్తులు ఉన్నారు. తొమ్మిది మెట్ల కొలత. మూడో వంతు వ్యాసాలకి ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని మార్కులూ పడ్డాయి. ఐదు రకాల కన్నా తక్కువ మార్కులు పడిన వ్యాసం ఒక్కటి కూడా లేదు. మనం చాలా నమ్మకంగా పేపరు మీద వేసే అంకె వెనక ఇంత ఊగిసలాట ఉంది.

నాకు బాగా నచ్చినది జోసెఫ్ విలియమ్స్ అనే ఆయన 1981లో చేసినది. తప్పుల గురించి ఒక వ్యాసం రాసి, అందులో తనే కావాలని దాదాపు వంద తప్పులు పెట్టి, ఆ సంగతి చివర్లో చెప్పాడు. చదివిన ప్రొఫెసర్లు చాలామంది వాటిలో ఎక్కువ భాగం గమనించనేలేదు. పెద్దమనిషి పత్రికలో రాసింది కదా, తప్పుల కోసం ఎవరు వెతుకుతారు? విద్యార్థి పేపరైతే వెతుకుతాం. వెతుకుతాం కాబట్టి దొరుకుతాయి. ఆ వ్యాసం నేను మొదటిసారి చదివినప్పుడు నాకూ చాలా తప్పులు కనబడలేదు. నేను! ‘డిస్కస్ అబౌట్’ని చీకట్లో కూడా పట్టుకునే నేను.

పేర్లు తీసేస్తే పక్షపాతం ఉండదనుకుంటాం. ఇక్కడ పేరు తీసేసినా భాష పట్టిచ్చేస్తుంది. ఆర్టికల్ లేకపోతే చైనావాళ్ళో, రష్యన్‌వాళ్ళో, మనవాళ్ళో అని తెలిసిపోతుంది. మన పిల్లలు రాసే పొడుగాటి వాక్యం సంగతి నాకు బాగా తెలుసు. తెలుగులో ‘లేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగి, బస్సెక్కి వెళ్ళాడు’ అని ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. సమాపక క్రియ చివర్లో ఒక్కటి చాలు. అదే ఊపులో ఇంగ్లీష్ రాస్తే కామాలతో వాక్యాలు అతుక్కుపోతాయి. ఒహాయో తోటి టీచర్లకి అదొక పెద్ద నేరం, కామా స్ప్లైస్ అని ఎర్రగా గీస్తారు. నాకు ఇక్కడికి వచ్చేదాకా ఆ మాటే తెలియదు. వాళ్ళు పట్టించుకోని ‘ద’ దగ్గర నేను ఆగాను, నేను పట్టించుకోని కామా దగ్గర వాళ్ళు ఆగారు. ఎవరికి ఏ తప్పు మీద దెబ్బలు పడ్డాయో ఆ తప్పే కళ్ళకి కనబడుతుందని నా నమ్మకం.

మా పిన్ని కొడుకు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్షకి చదువుతూ వ్యాసాలు నాకు పంపేవాడు. “అక్కా, గ్రామర్ తప్పులు ఒక్కటి కూడా లేకుండా చూడు” అనేవాడు. అక్కడ రైటింగ్‌కి నాలుగు కొలతలున్నాయి: అడిగినదానికి జవాబు చెప్పావా, చెప్పినది ఒకదాని వెంట ఒకటి నడిచిందా, మాటలు ఎంత తెలుసు, వ్యాకరణం ఎలా ఉంది. నాలుగూ సమానమే. అంటే వ్యాకరణానికి పావు వంతు. వాడు తన టైమంతా ఆ పావు మీదే పెట్టాడు. ఆ టెన్షన్ వాడికి నాలాంటి టీచర్లే ఎక్కించారు, అందుకే వాడి మీద విసుక్కోలేకపోయాను.

ఇప్పుడు నేను మొదటిసారి చదివేటప్పుడు చేతిలో పెన్ను పెట్టుకోను. పెన్ను వేరే టేబుల్ మీద ఉంటుంది. చదవడం అయ్యాక కాగితం బోర్లించి, ఈ పిల్ల ఏం చెప్పిందో ఒక్క వాక్యం నా నోట్‌బుక్‌లో రాసుకుంటాను, ఎక్కువసార్లు తెలుగులోనే. ఆ తర్వాతే పెన్ను. రెండోసారి చదివేటప్పుడు అర్థానికి అడ్డొచ్చిన తప్పులే ముట్టుకుంటాను, ఒకే రకం తప్పు పది చోట్ల ఉంటే ఒక్క చోట చూపించి అది ఎందుకు వస్తుందో రాస్తాను. ‘మీ భాషలో ఇది ఇలా ఉంటుంది కదా, అందుకే వస్తోంది’ అని. పోర్చుగీసుకి, అరబ్బీకి ఈ ముక్క రాయడానికి ఆ భాషల గురించి కొంచెం చదువుకోవాల్సి వచ్చింది. తెలుగు పిల్లలకైతే చదువుకోనక్కర్లేదు. ఒక్కో పేపరుకి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. గుంటూరు స్పాట్‌లో కూర్చున్న నా స్నేహితులకి ఈ వెసులుబాటు లేదని నాకు తెలుసు. పన్నెండు నిమిషాల్లో వాళ్ళు చేస్తున్నదాన్ని ఇక్కడ కూర్చుని తప్పు పట్టే హక్కు నాకు లేదు. తప్పు పట్టాల్సింది ఆ పన్నెండు నిమిషాలని.

ఈ సెమిస్టర్‌లో ఒక పేపరు దగ్గర మళ్ళీ కెంటకీ ఆవిడ మార్కు, నా మార్కు కలవలేదు. ఆవిడా నేనూ ఇప్పటికీ ఒకే డిపార్ట్‌మెంట్. ఒకరి క్లాసు పేపర్లు కొన్ని ఇంకొకరికి పేరు తీసేసి ఇచ్చుకుంటాం. ఇంటర్ అవగానే ఇక్కడ డిగ్రీలో చేరిన ఖమ్మం అబ్బాయి ఒకడున్నాడు నా క్లాసులో. అందరూ నన్ను పేరు పెట్టి పిలుస్తారు, వాడొక్కడే ‘మేడమ్’ అంటాడు. నాయనమ్మ పేరు మీదున్న మిరప చేను అమ్మడం గురించి రాశాడు. నేను ఐదు వేశాను. కెంటకీ ఆవిడ మూడు వేసింది.

ఆవిడ పేపరు చూస్తే మూడు చోట్ల ప్రశ్నార్థకం గుర్తులున్నాయి. ‘మై గ్రాండ్‌మదర్ ఎక్స్‌పైర్డ్’ దగ్గర ఒకటి. ఆవిడకి అది గడువు దాటిన పాల డబ్బా మీద కనబడే మాట. మనకి అది చావుని మర్యాదగా చెప్పే మాట. ‘ఐ పాస్డ్ అవుట్ దట్ ఇయర్’ దగ్గర ఇంకొకటి. చదువు ముగించాను అని వాడు రాస్తే, స్పృహ తప్పి పడిపోయాను అని ఆవిడకి అర్థమైంది. నాయనమ్మ పోయినందుకు పడిపోయాడేమో పాపం అనుకుందట. మూడోది ‘ట్యూషన్’. ఇక్కడ ట్యూషన్ అంటే కాలేజీకి కట్టే ఫీజు. రోజూ సాయంత్రం ఫీజుకి వెళ్ళడమేంటి అని ఆగిపోయింది. నేను ఆ మూడు చోట్లా ఆగనేలేదు, నీళ్ళలా చదువుకుంటూ వెళ్ళిపోయాను. శాంటోస్ అధ్యయనంలో ప్రొఫెసర్లు మాట తప్పుకి అంత బరువు ఎందుకిచ్చారో నాకు ఆ రోజు బాగా అర్థమైంది. ‘ద’ లేకపోతే వాక్యం కుంటుతుంది, మాట మారితే చదివేవాళ్ళు వేరే ఊరికి వెళ్ళిపోతారు. ఆ విషయంలో ఆవిడ మాట నిజమే. చదివే వాళ్ళు అమెరికన్లయితే వాడు ఈ మాటలు మార్చుకోవాలి.

ఇంకో విషయంలో నేను ఒప్పుకోలేదు. అసలు సంగతి చివరి పేరాలో వచ్చిందని ఆవిడ అభ్యంతరం. మొదటి పేరాలో చేను ఎక్కడుందో, రెండో పేరాలో మిరపకాయలు కళ్ళంలో ఎండేసినప్పుడు ఇంట్లో అందరికీ ఎలా దగ్గు వచ్చేదో, మూడో పేరాలో నాయనమ్మ ఎవరెవరికి ఎంత అప్పు ఇచ్చేదో. అమ్మాలా వద్దా అన్న గొడవ, తను అమ్మమనే చెప్పానన్న మాట, నాలుగో పేరాలో. 1966లో కాప్లాన్ అనే ఆయన ఒక్కో భాష వాళ్ళు వ్యాసం నడిపే తీరుకి బొమ్మలు గీశాడు. ఇంగ్లీష్‌కి తిన్నటి గీత, తూర్పు దేశాల వాళ్ళది అంటూ ఒక సుడి. నాకది ఎప్పుడూ మింగుడు పడలేదు. మేం ఊరికే తిరుగుతున్నామని, విషయానికి రాలేకపోతున్నామని చెప్పినట్టుంటుంది.

ఆవిడకి నేను వేరేలా చెప్పాను. మా ఊళ్ళో ఎవరైనా పని మీద ఇంటికొస్తే రాగానే అడగరు. కూర్చుంటారు, పిల్లల చదువులు అడుగుతారు, వానల సంగతి మాట్లాడతారు, కాఫీ తాగుతారు. లేచి చెప్పులేసుకుంటూ, గుమ్మం దగ్గర ఆగి, అసలు వచ్చిన పని చెబుతారు. అప్పటికి వినేవాళ్ళ మనసు సిద్ధమై ఉంటుంది. ఈ అబ్బాయి మన చేత ఆ చేను చుట్టూ తిప్పించి, మనకి దాని మీద కొంచెం ప్రేమ పుట్టించి, అప్పుడు అమ్మేశాం అన్నాడు. మొదటి వాక్యంలోనే ‘మేం చేను అమ్మేశాం, దానికి మూడు కారణాలు’ అని ఉంటే నీకు ఆ దగ్గు వినబడేదా?

ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. మళ్ళీ చదివింది. “నాలుగు వేస్తాను, ఐదు వేయను” అంది. ముందు ఒక్క వాక్యమైనా దారి చూపించాలి, లేకపోతే ఇక్కడ ఓపికున్న చదువరి దొరకడం కష్టం అంది. నేను ఐదు దగ్గరే ఉన్నాను.

ఇద్దరం మా మా మాటలు వేరువేరు రంగుల పెన్సిళ్ళతో ఒకే కాపీ మీద రాసి ఆ అబ్బాయికి ఇచ్చాం. ఎవరి మాట వినాలి మేడమ్ అని అడిగాడు. రెండూ చదువు, చేను నీది అన్నాను. గురువారం రెండో డ్రాఫ్ట్ తెస్తానన్నాడు. ఈసారి ముందు తనే చదువుతానని కెంటకీ ఆవిడ అంది.